తెలివికీ భక్తికీ లంకె ఎంత?

దసరాల్లో మూలా నక్షత్రం రోజున విజయవాడ కెనాల్ రోడ్డు వినాయకుడి గుడి దగ్గర మొదలైన క్యూ అర్ధరాత్రి నుంచే కొండ వైపు కదులుతూ ఉంటుంది. ఆ రోజు దుర్గమ్మకి సరస్వతీ అలంకారం. క్యూలో ఎటు చూసినా చదువుకునే పిల్లలే. చేతుల్లో పెన్నులు, కొత్త నోటు పుస్తకాలు, కొన్నింటి మొదటి పేజీలో పసుపుతో రాసిన శ్రీకారం. దర్శనం అయ్యాక వాళ్ళలో చాలామంది ఇంటికెళ్ళి టిఫిన్ తిని మళ్ళీ ఇంటిగ్రేషన్ లెక్కల ముందు కూర్చుంటారు.

మూడేళ్ళ కిందట ఆ క్యూలో నిలబడ్డ ఒక అమ్మాయి ఇప్పుడు నా దగ్గర డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. సహసంబంధం, అంటే రెండు సంగతులు ఒకదానితో ఒకటి ఎంతగా కలిసి మారతాయో చెప్పే కొలత, ఆ పాఠం చెప్తున్న రోజున లేచి అడిగింది: "మేడం, తెలివైనవాళ్ళకి దేవుడి మీద నమ్మకం ఉండదని పరిశోధనల్లో తేలిందంట. నిజమేనా?" వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి, "అందుకే నీకు ప్రాబబిలిటీలో తక్కువొచ్చాయి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ముఖం మాత్రం వాడిపోయింది. ఆ పిల్లకి బాకీపడ్డ జవాబు ఒక్క పీరియడ్‌లో తెమిలేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మిరాన్ జుకర్‌మన్, మరో ఇద్దరు కలిసి 2013లో ఒక పెద్ద లెక్క తీశారు. అంతకు ముందు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల జరిగిన 63 అధ్యయనాల్ని ఒకచోట చేర్చారు. ప్రతి అధ్యయనంలోనూ రెండు సంగతులు కొలిచి ఉన్నాయి. ఒకటి ఐక్యూ లాంటి పరీక్షలో వచ్చిన మార్కులు, రెండోది మనిషి ఎంత మతవిశ్వాసి అన్నది. 63లో 53 చోట్ల మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళకి విశ్వాసం కొలత తక్కువగా తేలింది, 10 చోట్ల తిరగబడింది. అన్నీ కలిపితే సహసంబంధం మైనస్ 0.24. ఏ లంకే లేకపోతే ఈ అంకె సున్నా, పూర్తి లంకె ఉంటే ఒకటి; మైనస్ అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గడం. 2020లో జుకర్‌మన్ బృందమే 83 అధ్యయనాలతో మళ్ళీ లెక్క చూసింది. అప్పుడూ మైనస్ 0.2కి కాస్త అటూ ఇటూగానే వచ్చింది.

కాబట్టి "అదంతా అబద్ధం, నాస్తికుల ప్రచారం" అని కొట్టిపారెయ్యడం కుదరదు. లంకె ఉంది. ఎంత ఉంది, ఎక్కడిది, ఎవరి దగ్గర ఉంది అన్నవే విడమరిచి చూసుకోవలసిన ప్రశ్నలు.

ముందు "ఎంత" చూద్దాం. మైనస్ 0.2 అనేది మామూలు మనిషికి ఏ భావమూ కలిగించని అంకె. దాన్ని బందరు రోడ్డు మీదకి తెచ్చుకుందాం. ఈ లెక్క మన దగ్గరా వర్తిస్తుందని కాసేపు ఒప్పుకుని, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళలోంచి కళ్ళు మూసుకుని ఇద్దర్ని ఎంచుకుందాం. ఇద్దరికీ తెలివి పరీక్ష పెడదాం. ఎక్కువ మార్కులు వచ్చిన మనిషికి భక్తి తక్కువ ఉంటుందని మీరు పందెం కాస్తే, అలాంటి వంద పందేల్లో సుమారు 56 నెగ్గుతారు, 44 ఓడతారు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 నెగ్గుతారు కదా. పరిశోధన మీకు అదనంగా ఇచ్చింది ఆ ఆరు పందేలే. ఇంకోలా చెప్పాలంటే, మనిషికీ మనిషికీ మధ్య భక్తిలో కనిపించే తేడాల్లో ఐక్యూ మార్కులతో ముడిపడేది నూటికి నాలుగు పాళ్ళు. తక్కిన 96 పాళ్ళ సంగతి వేరేచోట వెతుక్కోవాలి.

పదివేలమందిని సర్వే చేసేవాళ్ళకి ఆరు పందేలు విలువైనవే. ఎదురుగా నిలబడ్డ ఒక్క పిల్ల ప్రాబబిలిటీ మార్కుల గురించి మాత్రం అవి ఏమీ చెప్పలేవు.

ఇక ఆ లంకె "ఎక్కడిది" అన్నది. రోహిణీ కార్తెలో బెజవాడలో చెరుకురసం అమ్మకాలు పెరుగుతాయి, వడదెబ్బ కేసులూ పెరుగుతాయి. రెండూ కలిసి పెరిగాయి కదా అని చెరుకురసం తాగితే వడదెబ్బ కొడుతుందని ఎవరూ అనరు. రెంటి వెనకా ఉన్నది ఎండ. తెలివీ భక్తీ విషయంలో ఆ ఎండ చదువు కావచ్చు. బడిలో గడిపిన ఏళ్ళు ఐక్యూ మార్కుల్ని పెంచుతాయి. బడి మనిషిని ఊరి నుంచి, పెద్దల నుంచి దూరంగా కొత్త మనుషుల మధ్యకి కూడా తీసుకుపోతుంది. కెనడాలో నిర్బంధ విద్య చట్టాలు మారిన కాలాన్ని తీసుకుని డేనియల్ హంగర్‌మన్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, చట్టం వల్ల ఒక ఏడాది అదనంగా బడికి పోయినవాళ్ళు పెద్దయ్యాక "నాకు ఏ మతమూ లేదు" అని చెప్పే అవకాశం పెరిగింది. వాళ్ళేమీ మిగతావాళ్ళకన్నా ఎక్కువ తెలివితో పుట్టలేదు. చట్టం వాళ్ళని ఒక ఏడాది ఎక్కువ కూర్చోబెట్టింది, అంతే.

2016లో వెబ్‌స్టర్, డఫీ అనే ఇద్దరు జుకర్‌మన్ పోగుచేసిన 63 అధ్యయనాల్నే మళ్ళీ తిరగేశారు. కాలం గడిచేకొద్దీ లంకె పలచబడుతోందని, చదువునీ జీవన ప్రమాణాన్నీ లెక్కలోకి తెస్తే ఇంకా పలచబడుతుందని చెప్పారు. జుకర్‌మన్ బృందం దీనితో పూర్తిగా ఏకీభవించలేదు. ఆ వాదం ఇంకా తెగలేదు.

నాకు ఇంతకన్నా పెద్ద ఇబ్బంది మరోచోట ఉంది. తెలివిని దేనితో కొలిచారు?

మా అమ్మమ్మ గుంటూరులో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. సంతకం రాదు, వేలిముద్రే. ముందర గోనెపట్టా, దాని మీద కాయల గుట్ట. ఎడమచేత్తో కాయ పట్టుకుని కుడిచేతి బొటనవేలి గోరుతో తొడిమ గిల్లేది. తాలుకాయ ఒక పక్కకి, మంచికాయ ఒక పక్కకి. కబుర్లు చెబుతూనే ఉండేది, చెయ్యి ఏరుతూనే ఉండేది. ఘాటుకి వేళ్ళు రాత్రంతా మండేవి, మజ్జిగలో ముంచుకుని పడుకునేది. సాయంత్రం కాటా దగ్గర పదిమంది ఆడవాళ్ళ కిలోలు, కూలి, మధ్యలో వాడుకున్న అడ్వాన్సు అన్నీ నోటితోనే తేల్చేది.

ఒకసారి పనిచేస్తున్న చోట కాటా తేడాగా తూగుతోందని ఆవిడకి అనుమానం వచ్చింది. గుమాస్తాతో గొడవ పడలేదు. మర్నాడు పొద్దున తనకి నమ్మకమైన కిరాణా కొట్లో రెండు కిలోల పంచదార తూయించుకుని, ఆ పొట్లం పనికి పట్టుకుపోయి, అందరి ఎదుటా ఆ కాటా మీద పెట్టింది. ముల్లు రెండు కిలోల దాకా రాలేదు. రెండు వందల గ్రాములు తక్కువ. ఆ వారం కూలి మొత్తం తిరిగి లెక్క కట్టించింది. పంచదార ఇంటికి తెచ్చి పొంగలి వండి అందరికీ పెట్టింది. తెలిసిన బరువుతో తెలియని కాటాని పరీక్షించడం అనే సూత్రాన్ని నేను డిగ్రీలో కాలిబ్రేషన్ అనే పేరుతో చదువుకున్నాను. ఆవిడకి ఆ పేరు తెలియదు.

ఆ అమ్మమ్మే కార్తీక సోమవారాలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా నక్షత్రం కోసం ఎదురుచూసేది. ఆవిడకి కాగితం మీద బొమ్మల వరుస చూపించి "తర్వాత వచ్చే బొమ్మ ఏది" అని అడిగి ఉంటే, ఈ ఆట ఏమిటో అర్థం కావడానికే ఒక పూట పట్టేది. మార్కులు అడుగున ఉండేవి. భక్తి మార్కులు పైన ఉండేవి. గ్రాఫు మీద మా అమ్మమ్మ సరిగ్గా జుకర్‌మన్ గీత మీదే ఒక చుక్కయి కూర్చునేది.

1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినె మొదటి తెలివి పరీక్ష తయారుచేసింది బడిలో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి సాయం చేయడం కోసం. దాని పుట్టుకే బడి అవసరాల నుంచి కాబట్టి, బడి అలవాటున్నవాళ్ళకి అది అనువుగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో ఐక్యూ మార్కులు పదేళ్ళకి సుమారు మూడు చొప్పున పెరుగుతూ వచ్చాయని జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. రెండు తరాల్లో మెదళ్ళు మారిపోవు. తిండి, బడి, అలాంటి ప్రశ్నలకి అలవాటు పడడం, ఇవి మారాయి. ఐక్యూ పరీక్షలు పనికిరావని నేననడం లేదు. చదువులో, ఉద్యోగంలో ఎవరు ఎలా రాణిస్తారో అవి కొంతమేరకు చెప్పగలవు. కానీ దేశాల ఐక్యూల్ని పక్కపక్కన పెట్టి, 137 దేశాల్లో తెలివికీ నాస్తికత్వానికీ 0.60 సహసంబంధం ఉందని 2009లో లిన్, హార్వే, నైబోర్గ్ ప్రకటించిన లెక్కని మాత్రం నేను క్లాసులో తప్పులకు ఉదాహరణగానే చూపిస్తాను. చాలా దేశాల ఐక్యూ అంకెలు చిన్న చిన్న గుంపుల్ని చూసి దేశమంతటికీ అంటగట్టినవి. పైగా దేశాల మధ్య కనిపించే లంకె మనుషుల మధ్య ఉండాలని లేదు. ప్రభుత్వమే మతాన్ని అణచిన దేశాల్ని, రోడ్లూ ఆసుపత్రులూ ఉన్న దేశాల్ని, ఏవీ లేని దేశాల్ని ఒకే గంపలో పోసి కలియబెడితే ఏ అంకైనా వస్తుంది.

భక్తి కొలత కూడా అంతే తకరారు. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికాలో, క్రైస్తవ సమాజంలో జరిగాయి. అక్కడ "దేవుడున్నాడని నమ్ముతారా, చర్చికి ఎన్నిసార్లు వెళ్తారు" అని అడిగితే మనిషి స్థానం దాదాపు తెలిసిపోతుంది. మన దగ్గర అడిగి చూడండి. 2019 చివర, 2020 మొదట్లో అమెరికా సర్వే సంస్థ ప్యూ మన దేశంలో దాదాపు 30,000 మందిని అడిగితే 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్నతో ఎవరికీ ఎవరికీ మధ్య తేడా పట్టలేం. స్టాటిస్టిక్స్‌లో అలాంటి ప్రశ్న ముల్లు విరిగిన కాటా.

ఇంకో చిక్కు ఉంది. మన ప్రాచీన దర్శనాల్లో పూర్వ మీమాంస యజ్ఞకర్మల్ని అణువణువూ సమర్థించింది, కానీ సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోలేదు. సాంఖ్యం దేవుడి ఊసు లేకుండానే లోకాన్ని వివరించింది. మన గుంటూరు నేల మీద, అమరావతిలో, నాగార్జునకొండలో స్తూపాలు కట్టినవాళ్ళది సృష్టికర్తని ఒప్పుకోని మతం. తర్కంలో ఆరితేరిన భిక్షువులు ఆ స్తూపాలకి ప్రదక్షిణం చేశారు. వాళ్ళని ఆ అమెరికా ప్రశ్నల కాగితంలో ఏ గడిలో పెడతారు? "దేవుణ్ణి నమ్ముతారా" అంటే కాదు. "క్రమం తప్పకుండా ఆచారం పాటిస్తారా" అంటే ఔను. జుకర్‌మన్ లెక్కలోనే నమ్మకాన్ని కొలిచినప్పుడు లంకె బలంగాను, ఆచారాన్ని కొలిచినప్పుడు బలహీనంగాను కనిపించింది. మన మతాల్లో ఆచారానిదే పెద్దపీట అని గుర్తుంచుకుంటే ఆ తేడా మనకి ముఖ్యం.

ఇక తెలివి పరిమాణం వదిలేసి, ఆలోచించే తీరు వైపు చూసినవాళ్ళూ ఉన్నారు. ఈ ప్రశ్న మా క్లాసులో వేశాను: ఒక పుస్తకం, ఒక పెన్ను కలిపి 110 రూపాయలు. పుస్తకం ఖరీదు పెన్ను కన్నా 100 రూపాయలు ఎక్కువ. పెన్ను ఎంత? నోటి చివర ఉన్న జవాబు పది. అది తప్పు. పెన్ను పదైతే పుస్తకం 110 అవుతుంది, మొత్తం 120. సరైన జవాబు ఐదు. మొదట తోచిన దాన్ని ఆపి మళ్ళీ చూసుకునే అలవాటు ఉందా లేదా అన్నది ఇలాంటి ప్రశ్నలతో పట్టుకోవచ్చని 2005లో షేన్ ఫ్రెడరిక్ చూపించాడు. 2012లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికన్లకి ఈ తరహా ప్రశ్నలు ఇస్తే, తోచిన జవాబే చెప్పేవాళ్ళలో దైవవిశ్వాసం కాస్త ఎక్కువ కనిపించింది.

అదే ఏడు కెనడాలో విల్ గెర్వే, ఆరా నోరెంజాయన్ ఇంకో అడుగు ముందుకేశారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్న మనిషి శిల్పం, రోడాన్ మలచినది, దాని ఫోటో కొంతమంది విద్యార్థులకి చూపించారు. కొందరికి వేరే శిల్పం చూపించారు. ఆలోచించే మనిషిని చూసినవాళ్ళు ఆ తర్వాత దైవవిశ్వాసంలో తక్కువ మార్కులు వేసుకున్నారు. ఫలితం 'సైన్స్' పత్రికలో వచ్చింది. ప్రపంచమంతా చెప్పుకుంది. ఆలోచన మొదలైతే దేవుడు మాయం అన్నట్టు.

ఆ ప్రయోగంలో ఉన్నది అరవై మంది కూడా లేరు. 2017లో వేరే బృందం తొమ్మిది వందల పైచిలుకు మందితో అదే మళ్ళీ చేస్తే ఏ ప్రభావమూ కనిపించలేదు. 2018లో 'నేచర్', 'సైన్స్' పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాల్ని మళ్ళీ చేసి చూసిన ఒక పెద్ద బృందానికి 13 నిలబడ్డాయి. ఇది నిలబడలేదు. ఇక్కడ నేను గెర్వేకి చెయ్యెత్తి నమస్కారం పెడతాను. తన ప్రయోగం నిలవలేదని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగకుండా 13 దేశాల్లో, మూడు వేల పైచిలుకు మందితో, ఆలోచించే తీరుకీ నాస్తికత్వానికీ ఉన్న లంకెని మళ్ళీ కొలిచాడు. ఆ దేశాల్లో మనదీ ఒకటి. తేలిందేమిటంటే లంకె చాలా బలహీనం, నిలకడ లేనిది, కొన్ని దేశాల్లో తప్ప కనిపించనిది. ఫోనుల్లో తిరిగే వీడియోల్లో 2012 మాట ఉంటుంది, 2018 మాట ఉండదు.

శాస్త్రవేత్తల సంగతేమిటి అని అడుగుతారు. అమెరికాలో జేమ్స్ లూబా 1914లో అడిగినప్పుడు సుమారు 40 శాతం శాస్త్రవేత్తలు దేవుణ్ణి నమ్ముతామన్నారు. 1996లో ఎడ్వర్డ్ లార్సన్ అవే ప్రశ్నలు వేస్తే దాదాపు అదే 40 శాతం వచ్చింది. కానీ 1998లో అక్కడి నేషనల్ అకాడమీ సభ్యుల్ని, అంటే పేరు మోసినవాళ్ళని అడిగితే ఆ సంఖ్య 7 శాతానికి పడిపోయింది. ఇది చూసి తీర్మానం చేసేద్దామనిపిస్తుంది. అయితే రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలైన్ ఎక్లండ్ బృందం ఎనిమిది చోట్ల శాస్త్రవేత్తల్ని సర్వే చేసి 2015లో చెప్పిన సంగతి వినండి. హాంకాంగ్‌లో మామూలు జనంలో 20 శాతం తాము మతస్థులమంటే, శాస్త్రవేత్తల్లో 39 శాతం అన్నారు. తైవాన్‌లో జనం 44, శాస్త్రవేత్తలు 54. అదే సైన్సు, అదే తెలివి, గీత మాత్రం తిరగబడింది. మన దగ్గర రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్ళు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళ్ళడం ఎప్పుడూ చూస్తున్నదే. వాళ్ళ తెలివి మీద ఎవరికైనా అనుమానం ఉంటే శ్రీహరికోట నుంచి లేచిన వాటిని చూసుకోవచ్చు. రామానుజన్ తన సూత్రాలు నామక్కల్ నామగిరి తాయారు దయ అన్నాడు. ఆయన్ని కేంబ్రిడ్జికి పిలిపించుకున్న గణితవేత్త హార్డీ గట్టి నాస్తికుడు. ఇద్దరూ ఒకే కాగితం మీద ఒకే సమీకరణం రాశారు.

మరి మనుషులు దేవుణ్ణి ఎక్కడ పట్టుకుంటారు? నూరేళ్ళ కిందట ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి చూసిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ ఒక సంగతి గమనించాడు. అక్కడి జాలర్లు లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు ఏ మంత్రమూ చదవరు. అక్కడ ప్రమాదం లేదు, చేపలు ఖాయం. నడిసముద్రంలోకి పోయేటప్పుడు మాత్రం తంతులన్నీ చేస్తారు. ఆ జాలర్లే, ఆ తెలివే. మారింది నీళ్ళు.

గుంటూరు మిర్చి యార్డులో ఇది నేను కళ్ళారా చూశాను. రైతుకి విత్తనం గురించి, తెగులు గురించి, కాయ రంగు గురించి తెలియనిది లేదు. వాటి విషయంలో ఎవరికీ మొక్కడు, మందు కొడతాడు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీ దిగి వేలానికి వరసపెట్టాక మాత్రం చొక్కా జేబు లోంచి విభూతి తీస్తాడు. ఇవాళ క్వింటా ఏం పలుకుతుందో అతని చేతిలో లేదు. ఎక్కడో ఇతర రాష్ట్రాల పంట, ఎగుమతి ఆర్డర్లు, నిన్న రాత్రి పడ్డ వాన నిర్ణయిస్తాయి. ఆరు నెలల కష్టం పది నిమిషాల్లో తేలిపోతుంది. సాంఘిక భద్రత బాగా ఉన్న దేశాల్లో మతం పట్టు సడలడం గురించి రాజకీయ శాస్త్రవేత్తలు నోరిస్, ఇంగ్లహార్ట్ చెప్పింది ఇదే దారిలో ఉంటుంది: జబ్బు చేస్తే ఆసుపత్రి, పని పోతే పింఛను ఉన్న చోట మనిషి పైకి చూసే అవసరం తగ్గుతుంది. అలాంటి దేశాల్లో బళ్ళూ బాగుంటాయి, ఐక్యూ మార్కులూ ఎక్కువ వస్తాయి. మళ్ళీ అదే ఎండ, అదే చెరుకురసం.

ఇంకొక కారణం ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది అదే. 2021లో గెర్వే, మరో ఇద్దరు అమెరికాలో 1,400 మందికి పైగా మనుషుల్ని తీసుకుని, నాస్తికత్వాన్ని అన్నిటికన్నా బాగా ముందే చెప్పగల సంగతి ఏదో వెతికారు. విశ్లేషించే ఆలోచన ఆ జాబితాలో ఉంది గానీ చిన్న స్థానంలో. పైన నిలిచింది వేరే: చిన్నప్పుడు తన చుట్టూ ఉన్నవాళ్ళు తమ నమ్మకం కోసం నిజంగా ఏమైనా వదులుకోవడం చూశారా లేదా. చూడనివాళ్ళు నాస్తికులయ్యే అవకాశం ఎక్కువ. పిల్లలు మాటలు వింటారు, నమ్మేది మాత్రం ఖర్చుపెట్టిన వాటిని చూసి.

భవానీ దీక్ష తీసుకున్న తండ్రిని తలుచుకోండి. ఎర్రబట్టలు, 41 రోజులు నేల మీద పడక, చలిలో చన్నీళ్ళ స్నానం, సిగరెట్టు లేదు, చివరికి ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండ దాకా కాలినడక. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లకి ఎవరూ వేదాంతం చెప్పనక్కర్లేదు. పొద్దున్నే కాఫీ లేకపోతే విసుక్కునే నాన్న 41 రోజులు ఎవరిమీదా గొంతు పెంచకపోవడం ఆ పిల్ల చూసింది.

ఇది భక్తికే చెందిన సూత్రం కాదు. దానికి సాక్ష్యం విజయవాడలోనే ఉంది. బెంజి సర్కిల్‌కి దగ్గరలో, పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో దాన్ని మొదలుపెట్టారు, 1947లో బెజవాడకి తెచ్చారు. వృక్షశాస్త్రం ఎమ్మే చేసి పాఠాలు చెప్పిన మనిషి. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆయన భార్య సరస్వతిగారు కడుపుతో ఉండగా గ్రహణం వేళ బయటికి వచ్చి నిలబడ్డారు. ఉప్పు సత్యాగ్రహం నాటి 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఆ లవణం పెళ్ళి చేసుకున్నది మన గుంటూరు సీమ కవి జాషువా కూతురు హేమలతని. కులం పట్టింపు గాలిలా నిండిన రోజుల్లో జరిగిన పెళ్ళి అది.

మా నాన్నగారి నాన్న ముదునూరు పక్క ఊరివాడు. జీవితాంతం గుడి గడప తొక్కలేదు. కాలేజీలో కొత్తగా చేరిన రోజుల్లో నేను ఆయన్ని అడిగాను, "తాతయ్యా, గోరాగారి వాదన ఏది విని మారావు?" అని. ఆయన చాలాసేపు ఆలోచించి అన్నాడు: "వాళ్ళేం మాట్లాడారో నాకు గుర్తు లేదమ్మా. వెన్నెల్లో విస్తళ్ళు వేశారు. మాలపల్లె మనిషి ఒకపక్క, బ్రాహ్మల మనిషి ఒకపక్క. మధ్యలో నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. అన్నం తిన్నాను. ఇంటికొస్తే మా నాన్న లోపలికి రానివ్వలేదు. ఆ రాత్రి అరుగు మీద పడుకున్నప్పుడు తేలిపోయింది నాకు."

మూడో ఫారంతో చదువు ఆపిన తాతయ్య అలా నాస్తికుడయ్యాడు. వేలిముద్ర అమ్మమ్మ అలా భక్తురాలిగా ఉంది. ఇద్దరిలో ఎవరి తెలివి ఎక్కువో నేను చెప్పలేను, చెప్పవలసిన అవసరమూ నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఇద్దర్నీ మార్చింది వాళ్ళు చూసిన మనుషులు.

తెలివి ఈ మొత్తంలో ఏం పని చేస్తుంది అని అడిగితే, చాలాసార్లు వకీలు పని చేస్తుంది. అమెరికాలో డాన్ కహాన్ బృందం కొందరికి ఒక పట్టిక ఇచ్చి లెక్క చెప్పమంది. ఆ అంకెలు చర్మానికి రాసే క్రీము గురించి అన్నప్పుడు లెక్కల్లో దిట్టలు బాగా చెప్పారు. అవే అంకెలు తుపాకుల నియంత్రణ గురించి అని చెప్పేసరికి, అంకెలు తమ రాజకీయ పక్షానికి ఎదురు తిరిగినప్పుడు ఆ దిట్టలే తప్పు చదివారు. లెక్కలు రానివాళ్ళకన్నా వాళ్ళలోనే పక్షాల మధ్య దూరం పెరిగింది. తెలివైన భక్తుడు తన భక్తికి మంచి వాదన కడతాడు, తెలివైన నాస్తికుడు తన నాస్తికత్వానికి కడతాడు. కేసు మాత్రం ఇద్దరికీ ఇంటి దగ్గరే చేతికి వచ్చి ఉంటుంది.

ఇవన్నీ నేను ఆ అమ్మాయికి రెండు వారాల్లో విడివిడిగా చెప్పాను. వెనక బెంచీ అబ్బాయి కూడా విన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి వచ్చి, మన ఊళ్ళో మన మనుషుల్ని అడిగి చూస్తామన్నారు, ప్రాజెక్టుగా. ప్రశ్నల కాగితం రాసుకొచ్చారు. మొదటి ప్రశ్న: "మీరు దేవుణ్ణి నమ్ముతారా? ఔను / కాదు." నేను దాని మీద గీత పెట్టాను. ఎందుకో ప్యూ అంకె చూసిన పిల్లలకి మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది. దాని బదులు, "మీ చిన్నతనంలో ఇంట్లో ఎవరైనా దీక్ష గానీ ఉపవాసం గానీ క్రమంగా చేసేవారా? ఇప్పుడూ చేస్తున్నారా?" అని రాయించాను.

ముందు మీరే జవాబు రాయండి అన్నాను. ప్రశ్న సరిగ్గా ఉందో లేదో అలాగే తెలుస్తుంది. ఆ అమ్మాయి రాసింది: మా నాన్న, భవానీ దీక్ష, ఆరేళ్ళు. ఇప్పుడు చెయ్యడం లేదు.

"ఎందుకు మానేశారు?" అని అబ్బాయి అడిగాడు.

"కరోనా రెండో వేవ్‌లో మా తాతయ్య పోయాడు. దీక్ష అప్పటి నుంచి లేదు. నేను మాత్రం వెళ్తున్నాను కొండకి."

కారణం రాయడానికి మా కాగితంలో గడి లేదు. ఆ ప్రశ్న కింద స్కేలుతో నాలుగు గీతలు గీసి, ఖాళీ వదిలి, జిరాక్సుకి పంపాం.